దేహానికీ హక్కుంది: మదనపల్లె సీమలో శ్రమ, విశ్రాంతి, ఆరోగ్యం

తెలుగువారు వ్యాయామాన్ని గురించి చెప్పుకునే మాటలను పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. కసరత్తు అనే మాట అరబ్బీ భాషలోని 'కస్రత్' నుంచి వచ్చింది. దాని అసలు అర్థం ఆధిక్యం. ఒక పనిని పదే పదే చేయడమనే అర్థంలో అది వ్యాయామానికి పేరయింది. కవాతు అనేది 'ఖవాయిద్' నుంచి పుట్టింది. ఖవాయిద్ అంటే నియమాలు. తాలింఖానాలోని 'తాలీమ్' అంటే విద్య. వస్తాదు పారశీక భాషలోని 'ఉస్తాద్', అంటే గురువు. కుస్తీ, పహిల్వాను, మైదానం కూడా పారశీకం నుంచి వచ్చినవే. ముస్లిముల పరిచయంతో తెలుగులో స్థిరపడిన ఈ మాటలన్నీ కలిపి చూస్తే, దేహబలం అనేది గురువు వద్ద నియమబద్ధంగా అభ్యసించవలసిన విద్య అన్న భావం స్పష్టమవుతుంది.

ఆ మాటలు తెలుగు ఇళ్ళలో నిలిచి ఉన్నాయి. వాటి వెనుకనున్న ఆచరణ మాత్రం క్రమంగా జారిపోయింది. అది ఎట్లా జారిపోయిందో, దాని ఫలితమేమిటో తెలుసుకోవడానికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతపు చరిత్ర చక్కని ఉదాహరణ. ఒకప్పటి ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి అంచున, కనుమల పైనున్న పీఠభూమి మీద వెలసిన ఊళ్ళు ఇవి. ఇక్కడి సంతల్లో తెలుగు, ఉర్దూ, తమిళం, కన్నడం నాలుగూ వినిపిస్తాయి. కోటల కాలపు సైనిక జీవనం, గనుల్లో మగ్గాల్లో కాయకష్టం, దేశ ప్రసిద్ధి పొందిన ఒక క్షయ చికిత్సాలయం, చివరకు నేటి కుర్చీ బతుకు – ఈ నాలుగు దశలూ ఈ సీమ చూసింది.

ప్రవక్త (స) కాలంలో

దివ్య ఖుర్ఆన్ తాలూత్ రాజును ప్రస్తావిస్తూ, అల్లాహ్ ఆయనకు జ్ఞానంలోనూ శరీర శక్తిలోనూ ఆధిక్యం ప్రసాదించాడని తెలుపుతున్నది (అల్ బఖరా: 247). మూసా (అలై)ను పనిలో పెట్టుకొమ్మని తండ్రికి సలహా ఇచ్చిన యువతి ఆయనలో గుర్తించిన గుణాలు రెండు: బలం, నమ్మకం (అల్ ఖసస్: 26). బలవంతుడైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసి కంటే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడనీ, అయితే ఇద్దరిలోనూ మేలున్నదనీ దైవప్రవక్త (స) బోధించినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఆ రెండవ భాగాన్ని మరచిపోరాదు. రోగి, వృద్ధుడు, వికలాంగుడు ఎవరూ అల్లాహ్ దయకు దూరం కారు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) పగలంతా ఉపవాసాలతో, రాత్రంతా నమాజుతో గడుపుతున్నారని తెలిసినప్పుడు దైవప్రవక్త (స) ఆయనను వారించారు. దేహానికీ, కళ్ళకూ, భార్యకూ కూడా ఆయనపై హక్కులున్నాయని గుర్తు చేశారు. ఆరాధన పేరుతోనైనా సరే దేహాన్ని కృశింపజేసే అధికారం మనిషికి లేదన్నమాట. దేహం అతని సొత్తు కాదు, అది అమానతు. తిరిగి అప్పగించవలసిన వస్తువును పాడు చేయకుండా చూసుకోవడం అమానతుదారుని బాధ్యత.

మదీనాలో గుర్రపు పందేలు జరిగేవి. శిక్షణ పొందిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ విదా వరకు దూరపు పందెం, శిక్షణ లేని వాటికి అక్కడి నుంచి బనూ జురైఖ్ మస్జిదు వరకు దగ్గరి పందెం ఏర్పాటు చేశారు. పోటీలో పాల్గొన్న హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఈ సంగతి తెలిపారు. శక్తిని బట్టి దూరం నిర్ణయించడం ఇందులో గమనించదగిన విషయం. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) దైవప్రవక్త (స)తో పరుగు పందెంలో పాల్గొని గెలిచారు. కొంతకాలానికి, ఒళ్ళు చేసిన తరువాత, మరొక పందెంలో ఓడిపోయారు. ఇది ఆ పందేనికి జవాబని ప్రవక్త (స) సరదాగా అన్నారట. అబూ దావూద్ సంకలనంలోని ఈ ఉదంతం, పరుగు మగవారికే పరిమితమనుకునేవారు తప్పక చదవవలసినది.

గెలుపు గర్వానికీ ఆనాడే చికిత్స జరిగింది. ఎన్నడూ ఓడని ప్రవక్త (స) వారి అద్బా అనే ఒంటెను ఒక గ్రామీణ అరబ్బు ఒంటె దాటిపోగా ముస్లిములు నొచ్చుకున్నారు. లోకంలో పైకి లేచిన ప్రతిదాన్నీ అల్లాహ్ ఒకనాడు కిందికి దించుతాడని ఆయన వారికి నచ్చజెప్పారు. ఎదుటివాణ్ణి పడగొట్టేవాడి కంటే కోపం వచ్చినప్పుడు తనను తాను నిగ్రహించుకునేవాడే బలశాలి అని కూడా బోధించారు.

హకీముల మాట

ఇస్లామీయ వైద్యులు ఆరోగ్యానికి ఆరు విషయాలు అత్యవసరమని నిర్ణయించారు: గాలి, అన్నపానాలు, దేహపు చలనం, విశ్రాంతి, మనస్సు చలనం, విశ్రాంతి, నిద్ర, మెలకువ, మలినాల విసర్జన, సారపు నిలుపుదల. యునానీ వైద్యంలో వీటిని 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. చలనాన్నీ విశ్రాంతినీ ఒకే అంశంగా, ఒక త్రాసుకు రెండు సిబ్బెలుగా లెక్కించడం ఈ జాబితాలోని కీలకం.

ఇబ్నె సీనా (980–1037) తన 'అల్ ఖానూన్ ఫిత్ తిబ్' మొదటి భాగంలో ఆరోగ్య రక్షణకు వ్యాయామం, ఆహారం, నిద్ర మూలమని పేర్కొని, ముందుగా వ్యాయామాన్నే వివరించాడు. ఊపిరి లోతుగా, వెంటవెంటనే తీసుకోవలసి వచ్చేటట్లు ఇష్టపూర్వకంగా చేసే చలనమే వ్యాయామమని అతని నిర్వచనం. ఆయాసం కలిగేంత వేగంగా నడవమని నేటి వైద్యులు చెప్పేదీ దాదాపు ఇదే. కుస్తీ, పరుగు, వడి నడక, విలువిద్య, గుర్రపు స్వారీ బలవంతులకు. ఊయల, పడవ ప్రయాణం వంటి మెల్లని చలనాలు కోలుకుంటున్న రోగులకు అని అతడు తరగతులు ఏర్పరిచాడు. ఈ గ్రంథం లాటిన్‌లోకి అనువాదమై శతాబ్దాల తరబడి యూరప్ విశ్వవిద్యాలయాల్లో పాఠ్యగ్రంథంగా ఉన్నది.

డమాస్కస్ పండితుడు ఇబ్నె ఖయ్యిం (మరణం 1350) ప్రతి అవయవానికీ దానికి తగిన వ్యాయామమున్నదని వివరించాడు. 1377లో 'ముఖద్దిమా' రచించిన ఇబ్నె ఖల్దూన్ మరొక అడుగు ముందుకు వేసి, పట్టణవాసులకు ఎడారివాసుల కంటే జబ్బులెందుకు ఎక్కువ అని ప్రశ్నించుకున్నాడు. రకరకాల వంటకాలు, కలుషితమైన గాలి, శరీరానికి పని లేకపోవడం అని కారణాలు చెప్పాడు. వేట, స్వారీ, అవసరాల కోసం తిరుగుడు గల ఎడారివాసికి వ్యాయామం వేరే పనిగా పెట్టుకోవలసిన అగత్యం లేదన్నాడు. ఆరున్నర శతాబ్దాల నాటి ఈ మాట నేటి పట్టణాలకు రాసినట్లే ఉంటుంది.

గుర్రంకొండ నీడలో

మదనపల్లెకు ఉత్తరాన వాయల్పాడు దాటిన తరువాత గుర్రంకొండ కోట ఉన్నది. ఒక గుర్రం ఆ కొండను కాపాడుతూ ఉండేదని, దాని పేరే కొండకు వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు. 18వ శతాబ్దంలో ఇది కడప నవాబుల, మహారాష్ట్రుల, మైసూరు పాలకుల మధ్య చేతులు మారింది. హైదర్ అలీ బావమరిది మీర్ అలీ రజా ఖాన్‌కు ఈ సీమతో గాఢ సంబంధం ఉండేది. కోట పాదాన ఉన్న రంగీన్ మహల్, మఖ్బరా ఆ కాలపు గుర్తులు. మైసూరు పీఠభూమికీ కర్ణాటక మైదానానికీ నడుమనున్న ఈ కనుమల దారుల్లో అశ్విక దళాలు ఎడతెగక సంచరించాయి. నడక, స్వారీ, కొండ ఎక్కడం ఆనాటి సిపాయికి నిత్యకృత్యాలు.

ఆ బలానికీ హద్దున్నది. జీవితమంతా గుర్రం మీద గడిపిన హైదర్ అలీ 1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపాన నరసింగరాయనిపేట వద్ద, యుద్ధరంగంలో కాక, వీపు మీద లేచిన రాచపుండుతో శిబిరంలోనే మరణించాడు. దేహదారుఢ్యం మృత్యువును ఆపదు. ఉన్నన్నాళ్ళూ మనిషిని పనికి వచ్చేవాడిగా ఉంచుతుంది, అంతే.

1791లో గుర్రంకొండను నిజాం సేనలు, ఇంగ్లీషు కంపెనీ ఫిరంగులు ముట్టడించాయి. 1800లో ఈ సీమను నిజాం కంపెనీకి దత్తం చేశాడు. సైన్యాలు పోయాయి, కోటలు పాడుబడ్డాయి. సాము, కుస్తీ తెలుగు పట్టణాల తాలింఖానాల్లో నిలిచాయి. దండీలు, బస్కీలు తీయించే వస్తాదు చుట్టూ హిందూ ముస్లిం యువకులు కలిసి చేరేవారు. 1920లో హారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల స్థాపించిన తరువాత రాజధానిలోని బడులకు శిక్షణ పొందిన డ్రిల్లు మాస్టర్లు రాసాగారు. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే. వస్తాదు పని కొంత బడికి మారింది; బడి దాటిన పెద్దవారికి మాత్రం ఎవరూ మిగల్లేదు.

కష్టమంతా కసరత్తు కాదు

వెనుకటివారు ఒళ్ళు వంచి పని చేశారు గనుక ఆరోగ్యంగా ఉన్నారని పెద్దలు అంటుంటారు. ఇందులో సగమే నిజం. పుంగనూరు పొట్టి ఆవుల వెంట మెట్టపొలాల్లో తిరిగే కాపరికి, సంతకు కాలినడకన వెళ్ళే రైతుకు గాలి, వెలుతురు, నడక దొరికాయి. అందరి కష్టమూ అటువంటిది కాదు.

కుప్పానికి చేరువలో, మైసూరు సంస్థానపు కోలారు బంగారు గనులు 1880 నుంచి పెద్దయెత్తున నడిచాయి. ఇరుగు పొరుగు తెలుగు, తమిళ పల్లెల నుంచి వేలాదిమంది అక్కడ పనికి చేరారు. వారి కాయకష్టం సామాన్యమైనది కాదు. కాని రాతి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ అనే రోగాన్ని తెచ్చింది. 1940లో మైసూరు ప్రభుత్వం ఈ రోగానికి నష్టపరిహారపు నిబంధనలు చేయవలసి వచ్చింది. 1940–1946 మధ్య పరీక్షించిన ఏడువేల పైచిలుకు కార్మికులలో నూటికి నలభైమందికి పైగా దాని బారిన పడినట్లు తేలింది. గనులు 2001లో మూతపడ్డాయి.

తెలుగు ముస్లిములలో ఒక పెద్ద వర్గానికి దూది ఏకడం తరతరాల వృత్తి. ఏకుబద్దతో రోజంతా చేసే ఆ పనిలో భుజాలకు ఎంత శ్రమ ఉన్నదో, ముక్కులోకి పోయే దూది నలుసుల వల్ల ఊపిరితిత్తులకు అంత హాని ఉన్నది. గుంత మగ్గంలో కూర్చున్న నేతగాని కాళ్ళూ చేతులూ ఆడతాయి; వెన్ను మాత్రం వంగే ఉంటుంది. కడుపుకు చాలని తిండి, పీల్చరాని గాలి, తీరని అలసట కలిసిన చోట కష్టం ఆరోగ్యాన్నివ్వదు. హకీములు గాలి, ఆహారం, నిద్రలను చలనంతోపాటు ఒకే జాబితాలో ఎందుకు చేర్చారో ఇక్కడ తెలుస్తుంది.

ఆరోగ్యవరం

మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి పొడి గాలి, చల్లదనం చూసి పలు క్రైస్తవ మిషను సంఘాలు కలిసి ఊరికి కొద్ది దూరంలో క్షయ చికిత్సాలయాన్ని నెలకొల్పాయి. 1915లో ప్రారంభమైన ఆ స్థలానికి ఆరోగ్యవరం అని పేరు పెట్టారు. డెన్మార్కు దేశీయుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్ దాని మొదటి అధిపతి. మందు లేని ఆ రోజుల్లో క్షయ రోగికి గాలి, తిండి, విశ్రాంతి – ఇవే చికిత్స.

ఎంత విశ్రాంతి, ఎంత చలనం అన్నది ఆనాటి శానిటోరియం వైద్యులను వేధించిన ప్రశ్న. జర్మనీలో బ్రేమర్ రోగులను కొండదారుల్లో నడిపించాడు. అతని శిష్యుడు డెట్‌వైలర్ వారిని వరండాల్లో పడుకోబెట్టాడు. ఇంగ్లండులోని ఫ్రిమ్లీలో 1905 నుంచి డాక్టర్ మార్కస్ పేటర్సన్ కోలుకుంటున్న రోగులకు మొదట కొద్ది నడక, తరువాత చిన్న బుట్టలు మోయడం, ఆపైన పార పని – ఇట్లా అంచెలంచెలుగా శ్రమను మందువలె కొలిచి ఇచ్చాడు. తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఇబ్నె సీనా ఏర్పరిచిన తరగతులకు ఇది దగ్గరి చుట్టం.

స్ట్రెప్టోమైసిన్ మొదలైన మందులు వచ్చిన తరువాత ఈ ప్రశ్న మరొక రూపం దాల్చింది. దేశంలో లక్షలాది రోగులు. మంచాలు వేలల్లో మాత్రమే. 1948లో బి.సి.జి. టీకా మన దేశంలో మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. డాక్టర్ క్రిస్టియన్ కుమారుడు జొహానెస్ ఫ్రిమోడ్ట్ మోలర్ మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో క్షయ వ్యాప్తిని గురించి ఏళ్ళ తరబడి పరిశోధించాడు. 1956లో మద్రాసులో క్షయ ఔషధ చికిత్సా కేంద్రం ఏర్పడింది. రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని శానిటోరియంలో, రెండవ భాగాన్ని పేద ఇళ్ళలోనే ఉంచి, ఇద్దరికీ ఒకే మందులు ఇచ్చారు. ఇంటి వద్ద ఉన్నవారికి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ, తిరుగుడు ఎక్కువ. అయినా 1959లో వెలువడిన ఫలితాల ప్రకారం రెండు భాగాల వారూ దాదాపు సమానంగా కోలుకున్నారు. మందు సక్రమంగా వాడితే, నెలల తరబడి మంచం పట్టవలసిన అవసరం లేదని ప్రపంచమంతటికీ తేటతెల్లమైంది. శానిటోరియముల యుగం ముగిసింది. ఆరోగ్యవరం క్రమంగా సాధారణ వైద్యశాలగా మారింది.

కుర్చీ కాలం

ఆ దశాబ్దంలోనే లండన్‌లో మరొక పరిశోధన జరిగింది. డాక్టర్ జెర్రీ మోరిస్ బృందం రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పోల్చి చూసి 1953లో ఫలితాలు ప్రకటించింది. కూర్చుని బండి నడిపే డ్రైవర్ల కంటే రోజుకు వందలాది మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. ఉద్యోగంలో చేరేనాటికే డ్రైవర్లు లావుగా ఉన్నారేమోనని అనుమానించి, మోరిస్ బృందం యూనిఫారముల కొలతలు కూడా పరిశీలించింది. అనుమానం కొంత నిజమే అయింది. అయినా నడిచి ఉత్తరాలు పంచే పోస్టుమెన్‌ను, కూర్చుని పని చేసే టెలిఫోను ఆపరేటర్లతో పోల్చినప్పుడూ ఫలితం చలనం వైపే మొగ్గింది. తరువాతి పరిశోధనలు దానిని బలపరిచాయి.

మదనపల్లె సీమలో ఇప్పుడు కాపరి కంటే దుకాణదారు ఎక్కువ. టమోటా మండీలో గల్లాపెట్టె వద్ద కూర్చునేవారు, కుప్పం నుంచి రైలులో కూర్చుని బెంగుళూరు వెళ్ళి అక్కడా కూర్చునే పని చేసుకుని తిరిగి వచ్చేవారు, ఇంటి నాలుగు గోడల మధ్య గడిపే స్త్రీలు – వీరి దేహాలకు తాతల నాటి శ్రమ లేదు. తాతల నాటి తిండి మాత్రం తగ్గలేదు, పైగా పెరిగింది. భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో దాదాపు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహమున్నదని అందులో తేలింది. 2022 నాటికి భారతీయ వయోజనులలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక చలనం లేదని, ఈ లోపం పురుషులలో నూటికి 42 మందిలో, స్త్రీలలో 57 మందిలో ఉన్నదని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల అంచనా.

ఈ లెక్కలకు ఆరోగ్యవరం చరిత్రతో విడదీయరాని సంబంధమున్నది. మధుమేహం ఉన్నవారికి క్షయ సోకి ముదిరే ప్రమాదం ఇతరుల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. లేమి వల్ల వ్యాపించిన పాత రోగానికి, కలిమి తెచ్చిన కదలిక లేమి మళ్ళీ తలుపు తీస్తున్నది.

ఆశ కూడా దగ్గరలోనే ఉన్నది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహపు అంచున ఉన్న 531 మందిని పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. నడక మొదలైన వ్యాయామం, ఆహార నియమం పాటించినవారిలో మూడేళ్ళలో మధుమేహం రావడం నూటికి 28 వంతులకు పైగా తగ్గింది. పాటించినవారు పహిల్వానులు కారు, మామూలు మనుషులే. వయోజనులకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, పిల్లలకు రోజూ ఒక గంట అవసరమని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. రోజుకు అరగంట వడి నడక చొప్పున వారానికి అయిదు రోజులు నడిస్తే ఆ కనీస లెక్క తీరుతుంది. గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారు వైద్యుని సలహాతో కొద్దికొద్దిగా పెంచుకోవాలి. మదీనా పందేలలో శిక్షణ లేని గుర్రాలకు దగ్గరి దూరమే నిర్ణయించారు.

మస్జిదుకు వేసే అడుగులు

నమాజు వ్యాయామం కోసం విధింపబడలేదు, అది ఆరాధన. నిలబడడం, వంగడం, సజ్దా చేయడం వల్ల కీళ్ళు కదలడం దాని వెంట లభించే మేలు. అయిదు పూటల నమాజు చేస్తున్నాము గనుక వేరే చలనం అక్కరలేదని అనుకుంటే, స్వారీ, విలువిద్య, పరుగు నేర్చిన సహాబాలకు ఆ సంగతి తెలియదనుకోవలసి వస్తుంది.

తాలింఖానా ఒకప్పుడు పేటకు ఉమ్మడి ఆస్తి. దానిని మళ్ళీ నిలబెట్టడం మస్జిదు కమిటీలకూ, మదరసాలకూ అసాధ్యమైన పని కాదు. మదరసా కాలపట్టికలో రోజుకు ఒక గంట ఆటకు కేటాయించడానికి ఖర్చేమీ లేదు. అన్నిటికంటే ముందు ఆలోచించవలసింది స్త్రీలను గురించి. ఫజ్ర్ తరువాత పురుషుడు రోడ్డు మీద నడవగలడు; అతని తల్లికి, భార్యకు, కూతురికి నిస్సంకోచంగా నడవడానికి చోటు ఎక్కడున్నది? షాదీఖానా ఆవరణమో, బడి మైదానమో ఉదయం ఒక గంట వారికి కేటాయించగలిగితే, నూటికి 57 అన్న అంకె తమ ఊరిలోనైనా తగ్గుతుంది. పరుగు పందేలలో హజ్రత్ ఆయిషా (రజి)కు తోడుగా నిలిచినది స్వయంగా దైవప్రవక్త (స). ఆ సున్నతును పాటించే భర్తలు, అన్నదమ్ములు కావాలి.

మదీనా శివారులో నివసించే బనూ సలిమా తెగవారు మస్జిదుకు దగ్గరగా ఇళ్ళు మార్చుకోవాలని సంకల్పించారు. దైవప్రవక్త (స) వారిని ఉన్నచోటనే ఉండమన్నారు. వారు వేసే అడుగులు వారి ఖాతాలో రాయబడుతున్నాయని చెప్పారు. ఆ మాట విని వారు సంతోషించి, ఇళ్ళు మార్చే ఆలోచన మానుకున్నారు. వీధి చివరనున్న మస్జిదుకు మోటారు సైకిలు మీద వెళ్ళేవారు ఈ హదీసును ఒకసారి జ్ఞాపకం చేసుకుంటే, ఆ బండిని ఇంటి ముందే నిలిపి బయలుదేరవచ్చు.